చేరిన వారు ఎందుకు నిలవడం లేదు? అమెరికా కమ్యూనిటీ కళాశాలల మొదటి ఏడాది

అమెరికా ఉన్నత విద్య అనగానే మనకు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వంటి నాలుగైదు పేర్లు స్ఫురిస్తాయి. కానీ ఆ దేశపు డిగ్రీ విద్యార్థుల్లో ఇంచుమించు మూడో వంతు మంది చదివేది ఎవరూ పెద్దగా చెప్పుకోని కమ్యూనిటీ కళాశాలల్లో. ఇవి ప్రభుత్వ కళాశాలలు. చాలా వాటిలో ప్రవేశానికి పోటీ పరీక్ష ఉండదు. ఉన్నత పాఠశాల పూర్తి చేసిన వారెవరైనా చేరవచ్చు. రుసుము తక్కువ. ఇక్కడ రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ పొందవచ్చు, లేదా ఆ క్రెడిట్లతో నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారవచ్చు. పగలు దుకాణంలో పని చేసి సాయంత్రం తరగతికి వచ్చేవారు, బిడ్డను సంరక్షణ కేంద్రంలో దించి పరుగున వచ్చే తల్లులు, తమ ఇంటి నుంచి కళాశాల గడప తొక్కిన తొలి తరం వారు ఇక్కడి విద్యార్థుల్లో పెద్ద సంఖ్యలో కనిపిస్తారు.

ఈ వ్యవస్థకు నూరేళ్లు దాటాయి. ఇల్లినాయి రాష్ట్రంలోని జోలియెట్‌లో 1901లో మొదలైన జూనియర్ కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిరిగి వచ్చిన సైనికుల చదువు సమస్య ముందుకు వచ్చినప్పుడు, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఇచ్చిన నివేదిక 'కమ్యూనిటీ కళాశాల' అన్న పేరును దేశమంతటికీ పరిచయం చేసింది. ప్రతి పౌరునికీ ఇంటికి దగ్గరలో కళాశాల ఉండాలన్న ఆ ఆశయం చాలా వరకు నెరవేరింది. తలుపు తెరిచారు. లోపలికి వచ్చిన వారిలో ఎందరు పట్టాతో బయటికి వెళుతున్నారన్న ప్రశ్న మాత్రం చాలా కాలం ఎవరూ గట్టిగా అడగలేదు.

అడిగాక వచ్చిన సమాధానం ఆ దేశ విద్యావేత్తలను కలవరపరిచింది. ఈ కళాశాలల్లో కొత్తగా చేరే వారిలో దాదాపు 80 శాతం మంది ఎప్పటికైనా బ్యాచిలర్ డిగ్రీ సంపాదించాలన్న కోరికతోనే వస్తారు. ఆరేళ్లు గడిచేసరికి దానిని అందుకునేది సుమారు 16 శాతమే. ఎక్కువ మంది చెయ్యి జారిపోయేది మొదటి సంవత్సరంలోనే. కొందరైతే మొదటి సెమిస్టరు ముగియక ముందే కనిపించకుండా పోతారు. పరీక్ష తప్పి వెళ్లేవారు కొందరే. ఎక్కువ మంది ఎవరికీ చెప్పకుండా, ఎవరూ గమనించకుండా మానేస్తారు.

ఎందుకిలా జరుగుతోంది? బీదరికం, బలహీనమైన పాఠశాల చదువు, కుటుంబ భారం అన్న జవాబు తక్షణం తోస్తుంది. అది అబద్ధం కాదు. అయితే కొలంబియా విశ్వవిద్యాలయంలో 1996లో ఏర్పడిన కమ్యూనిటీ కళాశాలల పరిశోధన కేంద్రం మరో దిక్కుకు వేలు చూపింది. ఆ కేంద్రానికి చెందిన ఆర్థికవేత్త జుడిత్ స్కాట్-క్లేటన్ 2011లో ఈ కళాశాలల అమరికను రూపం లేని నదితో పోల్చారు. వందల కోర్సులు, డజన్ల కొద్దీ పాఠ్య ప్రణాళికలు, ఎన్నో దరఖాస్తులు. ఏది ఎంచుకుంటే ఎక్కడికి చేరతారో చెప్పేవారు దొరకరు. ఆరు వందల మంది విద్యార్థులకు ఒక్క సలహాదారు ఉండడం అసాధారణం కాదు. కొన్ని చోట్ల ఆ సంఖ్య వెయ్యి దాటుతుంది. తండ్రీ తాతా కళాశాలకు వెళ్లిన ఇంటి పిల్లవాడికి ఈ చిక్కుముడి విప్పేవారు భోజనాల బల్ల దగ్గరే దొరుకుతారు. తొలి తరం విద్యార్థికి దొరకరు. అడగాలన్న సంగతే అతనికి తెలియదు.

దీనికి తోడు సన్నాహక కోర్సుల బెడద. చేరిన వెంటనే విద్యార్థికి గణితంలోనూ ఆంగ్లంలోనూ ఒక స్థాయి పరీక్ష పెట్టేవారు. చాలా మందికి ముందుగా దాని సంగతే తెలియదు. మార్కులు తగ్గితే కళాశాల పాఠానికి ముందు పాఠశాల స్థాయి పాఠాలు మళ్లీ చదవాలి. కొందరికి అలాంటివి వరుసగా రెండు, మూడు. ఒక్కొక్కటి ఒక సెమిస్టరు. రుసుము కట్టాలి, ఆర్థిక సహాయంలో కొంత కరిగిపోతుంది, డిగ్రీకి లెక్కయ్యే క్రెడిట్ మాత్రం ఒక్కటీ రాదు. కాలిఫోర్నియాలో చేరేవారిలో 80 శాతం మంది ఇలాంటి ఒక కోర్సుకైనా వెళ్లవలసి వచ్చిన రోజులున్నాయి. ఏడాదిన్నర చదివినా అసలు చదువు మొదలు కాలేదని తెలిసిన ఇరవై ఏళ్ల యువకుడు పనిలోకి పోవడంలో వింతేముంది?

పైగా ఆ పరీక్ష సరైన కొలబద్ద కూడా కాదని తేలింది. గణితంలో నలుగురిలో ఒకరిని, ఆంగ్లంలో ముగ్గురిలో ఒకరిని అది పూర్తిగా తప్పు తరగతిలో వేస్తున్నదని అదే పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. పాఠశాలలో నాలుగేళ్లు తెచ్చుకున్న మార్కులు ఆ ఒక్క పూట పరీక్ష కంటే నమ్మదగిన సూచిక అని చూపింది. ఫలితంగా కాలిఫోర్నియా 2017లో చట్టం చేసింది. 2019 నాటికి అక్కడి కళాశాలలన్నీ పాఠశాల మార్కుల ఆధారంగా విద్యార్థిని నేరుగా కళాశాల స్థాయి కోర్సులో చేర్చుకోవలసి వచ్చింది. టెన్నెసీ అంతకు ముందే, 2015లో, సన్నాహక పాఠాన్ని విడిగా కాక అసలు కోర్సుతో పాటే, అదే సెమిస్టరులో చెప్పే పద్ధతికి మారింది. అక్కడ గణితంలో వెనుకబడి వచ్చిన వారిలో మొదటి ఏడాదిలోనే కళాశాల గణితం గట్టెక్కేవారు అంతకు ముందు 12 శాతం. కొత్త పద్ధతిలో వారు సగం దాటారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోకపోతే విశ్లేషణ ఏకపక్షం అవుతుంది. గణితం గట్టెక్కడం వేరు, పట్టా చేతికి రావడం వేరు. టెన్నెసీ ఫలితాలను తర్వాత నిశితంగా పరిశీలించిన వారికి ఆ మొదటి కోర్సులో కనిపించిన లాభం పట్టాల సంఖ్యలో అంత స్పష్టంగా కనిపించలేదు. దారిలోని ఒక బండరాయిని తొలగించినంత మాత్రాన ప్రయాణం పూర్తి కాదు. మిగతా రాళ్లను కూడా ఒకేసారి తొలగిస్తే ఏమవుతుంది?

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన కమ్యూనిటీ కళాశాలల్లో సరిగ్గా ఆ పనికే పూనుకుంది. ఆ పథకాన్ని సంక్షిప్తంగా 'ఏసాప్' అంటారు. అందులో చేరిన విద్యార్థి పూర్తికాలం చదవాలి. సన్నాహక కోర్సులుంటే వాయిదా వేయకుండా మొదట్లోనే ముగించాలి. సలహాదారును తరచూ కలవాలి, అవసరమైన వారు ప్రత్యేక బోధనకు హాజరు కావాలి. ప్రతిగా కళాశాల మూడేళ్ల పాటు అండగా ఉంటుంది. సహాయ నిధులు పోను మిగిలిన రుసుమును తానే భరిస్తుంది. పాఠ్య పుస్తకాలు ఉచితంగా ఇస్తుంది. తరగతులను ఒకే పూటలో వరుసగా ఉండేటట్టు అమర్చుతుంది, దానితో మిగతా పూట ఉద్యోగం చేసుకోవచ్చు. అన్నిటినీ మించి, తొలి ఏళ్లలో ఒక్కో సలహాదారుకు అరవై నుంచి ఎనభై మంది విద్యార్థులనే అప్పగించింది.

మరొక చిన్న ఏర్పాటు ఉంది. నగర రైళ్లు, బస్సుల్లో తిరగడానికి ప్రతి నెలా ప్రయాణ కార్డు ఇస్తారు. అయితే అది సలహాదారును కలవడం వంటి బాధ్యతలు నెరవేర్చిన వారికే. చూడడానికి ఇది ప్రయాణ ఖర్చు. నిజానికి విద్యార్థిని నెలనెలా ఆ గదికి రప్పించే ఉపాయం. సహాయం కావాలా అని గోడ మీద ప్రకటన అంటిస్తే, అవసరం అంతగా లేని వారే ముందుగా వస్తారు. నిజంగా మునుగుతున్న వాడు బిడియంతో రాడు. కార్డు కోసం వచ్చిన వాడు మాత్రం అద్దె కట్టలేకపోతున్నాననో, అమ్మకు ఒంట్లో బాగాలేదనో మాటల మధ్యలో చెప్పేస్తాడు. మన ఆర్టీసీ విద్యార్థి పాసుతో పల్లె నుంచి పట్టణ కళాశాలకు వెళ్లి చదువుకున్న తరం వారికి బస్సు ఛార్జీ విలువ వేరే చెప్పనక్కర లేదు. ఆ పాసును ఒక పలకరింపుతో ముడిపెట్టవచ్చన్న ఆలోచన మాత్రం మనకు తట్టలేదు.

ఈ పథకానికి విశ్వసనీయత తెచ్చింది ప్రచారం కాదు, పరీక్ష. ఎం.డి.ఆర్.సి. అనే స్వతంత్ర పరిశోధన సంస్థ మూడు కళాశాలల్లో అర్హులైన, అల్పాదాయ కుటుంబాలకు చెందిన 896 మందిని తీసుకుని, లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విభజించింది. ఒక జట్టుకు ఏసాప్, రెండో జట్టుకు మామూలు సేవలు. మూడేళ్ల తర్వాత మామూలు జట్టులో 22 శాతం మందికి పట్టాలు వచ్చాయి. ఏసాప్ జట్టులో 40 శాతం మందికి వచ్చాయి. 2015లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు ఉన్నత విద్యా రంగంలో ఇంతటి తేడా చూపిన ప్రయోగాలు చాలా అరుదని పరిశోధకులు అంగీకరించారు. న్యూయార్క్ వంటి మహానగరంలో మాత్రమే ఇది సాధ్యమన్న సందేహాన్ని ఒహైయో రాష్ట్రం తీర్చింది. అక్కడి మూడు కళాశాలల్లో ఇదే తరహా పథకం మూడేళ్ల పట్టాల శాతాన్ని 19 నుంచి 35కు పెంచింది.

మరి దేశమంతటా ఎందుకు అమలు కాలేదు? ఖర్చు. న్యూయార్క్‌లో ఏసాప్ విద్యార్థి మీద మూడేళ్లలో సుమారు 16,300 డాలర్లు అదనంగా ఖర్చయింది. మామూలు ఖర్చు కంటే అది 60 శాతానికి పైగా ఎక్కువ. ఏ రాష్ట్ర ఆర్థిక శాఖ అయినా మొదట చూసేది ఈ అంకెనే. అదే ఖర్చును విద్యార్థుల సంఖ్యతో కాక వచ్చిన పట్టాల సంఖ్యతో భాగిస్తే లెక్క తిరగబడుతుంది. ఒక్కో పట్టాకు అయిన ఖర్చు ఏసాప్‌లోనే 11 శాతం తక్కువ. ఎందుకంటే మామూలు పద్ధతిలో మధ్యలో మానేసిన వారి మీద పెట్టిన సొమ్మంతా ఎవరి ఖాతాలోనూ కనిపించని నష్టం. చాలా రాష్ట్రాల్లో కళాశాలకు నిధులు ప్రధానంగా చేరిన తలల లెక్కన వస్తాయి. చేరిన విద్యార్థి నవంబరులో మాయమైతే కళాశాల బడ్జెట్‌కు పెద్ద దెబ్బ తగలదు. మానేసిన వాడికి మాత్రం కొన్నిసార్లు అప్పు మిగులుతుంది, పట్టా మిగలదు. మొదటి ఏడాది సమస్య వేళ్లు ఈ లెక్కల పుస్తకంలోనే ఉన్నాయని మా అభిప్రాయం.

రాజకీయ చర్చ మాత్రం చాలా వరకు ఉచిత రుసుము చుట్టూ తిరిగింది. టెన్నెసీలో రిపబ్లికన్ గవర్నర్ బిల్ హాస్లమ్ తెచ్చిన పథకం 2015లో ఉన్నత పాఠశాల ముగించిన వారికి కమ్యూనిటీ కళాశాల రుసుమును మాఫీ చేసింది. అదే ఏడాది జనవరిలో అధ్యక్షుడు ఒబామా ఆ రాష్ట్రానికే వెళ్లి దానిని దేశమంతటికీ విస్తరిస్తామని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన సాగలేదు. స్వయంగా కమ్యూనిటీ కళాశాల అధ్యాపకురాలైన జిల్ బైడెన్ శ్వేతసౌధంలో ఉండగానే, 2021లో, ఉచిత కమ్యూనిటీ కళాశాల అంశం బైడెన్ బిల్లు నుంచి జారిపోయింది. అంతకు ముందరి ఏడాది కోవిడ్ దెబ్బకు ఈ కళాశాలల్లో కొత్తగా చేరేవారు ఒక్కసారిగా ఐదో వంతు తగ్గారు. రుసుము మాఫీ అవసరమే. కానీ టెన్నెసీ పథకంలో సైతం ప్రతి విద్యార్థికీ ఒక స్వచ్ఛంద మార్గదర్శిని జతచేసిన సంగతిని ఆ కోలాహలంలో చాలా మంది గమనించలేదు.

ఏసాప్‌కూ ఒక పెద్ద పరిమితి ఉంది. అది పూర్తికాలం చదవగలిగిన వారికి రూపొందిన పథకం. కమ్యూనిటీ కళాశాలల్లో ముగ్గురిలో ఇద్దరు ఒకటి రెండు కోర్సులతో సరిపెట్టుకునే పాక్షికకాల విద్యార్థులు. ఇద్దరు పిల్లల తల్లిని పూర్తికాలం చదవమనడం సులభం, చదివించడం సులభం కాదు. వారి విషయంలో ఇంతటి ఫలితం చూపిన నమూనా ఇంకా రాలేదు.

ఈ ముచ్చట మనకెందుకన్న ప్రశ్న శ్రోతలకు కలగవచ్చు. డాలస్, న్యూజెర్సీ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ కళాశాలలు కొత్త కావు. హెచ్-4 వీసా మీద వెళ్లిన గృహిణులు చదువు కొనసాగించేది, పాఠశాల పిల్లలు ముందుగానే క్రెడిట్లు సంపాదించుకునేది తరచూ వీటిలోనే. మన దేశంలోనూ 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఈ తరహా కళాశాలను ప్రారంభించింది. పన్నెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ ఒక పథకమే తెచ్చింది. కానీ మనకు నిజమైన పోలిక ఆ పేరున్న సంస్థలతో కాదు, జిల్లా, మండల కేంద్రాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలతో.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ బోధన అంతా ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. ఇంటర్ వరకు తెలుగులో చదివి వచ్చిన అమ్మాయికి మొదటి సెమిస్టరులో ఎదురయ్యేది కాలిఫోర్నియా విద్యార్థికి ఎదురైన గోడ వంటిదే. 2020 జాతీయ విద్యా విధానం మొదటి ఏడాది తర్వాత ధ్రువపత్రంతో బయటికి వెళ్లే వీలు కల్పించింది. అవసరం కొద్దీ ఆగిపోయి మళ్లీ రాదలచిన వారికి అది మేలే. అయితే నిలుపుకోలేకపోయిన వారిని కూడా ఆ ఖాతాలోనే రాసి ఊరుకునే ప్రమాదం ఉంది. 2035 నాటికి స్థూల ప్రవేశ నిష్పత్తి 50 శాతానికి చేరాలన్నది ఆ విధానపు లక్ష్యం. 2021-22లో అది 28.4 శాతం. పేరులోనే ఉన్నట్టు అది ప్రవేశాలను లెక్కిస్తుంది, పూర్తి చేసిన వారిని కాదు.

న్యాక్ మదింపు కోసం మన కళాశాలలు ఒక్కో అధ్యాపకునికి ఎందరు విద్యార్థులను మార్గదర్శనం కోసం అప్పగించారో చూపాలి. ఆ నిష్పత్తి కాగితం మీద చాలా చోట్ల ముచ్చటగానే ఉంటుంది. దసరా సెలవుల తర్వాత తరగతికి తిరిగి రాని మొదటి సంవత్సరం విద్యార్థికి ఆ వారంలో ఎవరైనా ఫోను చేశారా అన్న గడి మాత్రం ఆ పట్టికలో లేదు.