పైలట్ కోర్సు ఫీజు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

మస్కట్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే పిల్లల చదువుల మాట రాకుండా ఉండదు. ఇదివరకు ఆ మాట ఇంజనీరింగ్, మెడిసిన్ దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు పైలట్ కోర్సు కూడా ఆ జాబితాలో చేరింది. ఇక్కడ సొహార్‌లోనే ఒమాన్ ఏవియేషన్ అకాడమీ ఉంది. కెనడాకో, అమెరికాకో పంపే వాళ్ళూ ఉన్నారు. ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది, మన తిండి దొరుకుతుందా అని అన్నీ అడుగుతాం. పిల్ల ఎక్కే చిన్న విమానం దగ్గరకి ఇంకో విమానం వస్తే ముందుగా చెప్పే యంత్రం అందులో ఉందా అని మాత్రం అడగం. అలాంటిదొకటి ఉంటుందనే చాలామందికి తెలియదు. ఈ నెల దాని గురించే చెప్పుకుందాం.

2025 జూలై 8న కెనడాలోని మానిటోబాలో, స్టైన్‌బాక్ దగ్గర రెండు శిక్షణ విమానాలు గాలిలో ఢీకొన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో విద్యార్థి. ఇద్దరూ టేకాఫ్, ల్యాండింగ్ సాధన చేస్తున్నారు. ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళలో ఒకరు మన కేరళ అబ్బాయి. విమానాల్లో రేడియోలు ఉన్నా, ఒకరికొకరు కనిపించి ఉండరని శిక్షణ సంస్థ వాళ్ళు చెప్పారు.

పట్టపగలు ఎదురుగా వచ్చే విమానం కనిపించకపోవడం ఏమిటి అనిపిస్తుంది. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూశాను. ఒక్కో విమానం గంటకు 185 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే, మధ్య దూరం గంటకు 370 కిలోమీటర్ల చొప్పున, అంటే సెకనుకు సుమారు 103 మీటర్లు తగ్గిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, అది విమానమే అని గుర్తించి, తప్పుకోవడానికి పైలట్‌కు సుమారు 12.5 సెకన్లు కావాలని అమెరికా విమానయాన శాఖ లెక్క. ఆ సమయంలో కరిగిపోయే దూరం దాదాపు 1,300 మీటర్లు. అంత దూరంలో ఉన్న సెస్నా విమానం, ఈ చివర రెక్క నుంచి ఆ చివర రెక్క దాకా, చాచిన చేతిలోని పెసరగింజంతే, సుమారుగా, కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. గోడ మీద బల్లి కదిలితేనే మన కంట పడుతుంది, కదలకపోతే పడదు. ఢీకొనే దారిలో వస్తున్న విమానం అద్దంలో అటూ ఇటూ జరగదు. ఒకే చోట చుక్కలా ఉండి, చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. పక్కకు కదులుతూ కనిపించే విమానంతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా కదలకుండా ఉండేదానితోనే.

పెద్ద విమానాలకు దీని పరిష్కారం ఎప్పుడో వచ్చింది. మన దేశంలో దాని వెనక పెద్ద విషాదం ఉంది. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానం ఢిల్లీ నుంచి ధహ్రాన్‌కు బయల్దేరింది. అందులో గల్ఫ్‌కు పనికి వెళ్తున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. 15 వేల అడుగుల దగ్గర ఆగాల్సిన కజక్ విమానం ఇంకా కిందికి దిగడంతో అది జరిగింది. ఆ తర్వాతే భారత్ ‘టీకాస్’ అనే హెచ్చరిక యంత్రాన్ని పెద్ద విమానాలకు తప్పనిసరి చేసింది. మనం సెలవులకు ఎక్కే విమానాలన్నిటిలో అది ఉంటుంది. శిక్షణ విమానాలకు మాత్రం దాని ధర, బరువు మోయలేనివి.

వాటి కోసం వచ్చిందే అరచేతిలో పట్టే ఏడీఎస్-బీ పెట్టె. అది జీపీఎస్‌తో తానెక్కడ ఉన్నదీ తెలుసుకుని, ఆ చోటు, ఎత్తు, వేగం అన్నీ 1090 మెగాహెర్ట్జ్ మీద క్షణక్షణం ప్రకటిస్తుంది. మిగతా విమానాలు చేసే ప్రకటనలు విని, వైఫై ద్వారా పైలట్ ట్యాబ్లెట్‌లోని మ్యాప్ మీద చూపిస్తుంది. బ్రిటన్‌లో స్కైఎకో లాంటివి వాడుతున్నారు. గ్లైడర్ల కోసం స్విట్జర్లాండ్‌లో 2004లో ఫ్లార్మ్ వచ్చింది. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి రద్దీ గగనతలంలో ఎగిరే విమానాలకు ఏడీఎస్-బీ ప్రసారం తప్పనిసరి. అక్కడ ఇలాంటి చేతిపెట్టె చాలదు, విమానంలో బిగించినదే ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వం 2020 అక్టోబర్‌లో ఈ పెట్టెలు కొనేవాళ్ళకు సగం ధర, 250 పౌండ్లు మించకుండా, తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది.

కొనడం తేలికే. సరిగ్గా పెట్టుకోవడంలోనే ఉంది అసలు పని.

మొదటిది చోటు. పెట్టె నిటారుగా, ఆకాశం కనిపించేలా కిటికీ అద్దానికి అంటుకోవాలి. లోహం, కార్బన్ ఫైబర్, చివరికి పైలట్ శరీరం కూడా సంకేతానికి అడ్డే. డ్యాష్‌బోర్డు మీద పడేస్తే ముందున్నవి కనిపించి, వెనకా కిందా ఉన్నవి దాగిపోవచ్చు. దిక్సూచికి ఆనించి పెట్టకూడదు. మన ఒమాన్ ఎండలో ఇంకో బాధ కూడా ఉంది. అద్దానికి అంటించిన రబ్బరు వేడికి ఊడిపోతుంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలు దాటిన చోట వాడవద్దని దాని తయారీదారే చెబుతాడు. మే నెలలో ఇక్కడ ఆపి ఉంచిన విమానం లోపల ఎంత ఉంటుందో వేరే చెప్పాలా!

రెండోది పేరు. ప్రతి విమానానికీ ఆరు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. భారత విమానాల కోడ్ 8తో మొదలవుతుంది. పెట్టెలో ఆ విమానం కోడే వెయ్యాలి. నిన్న ఒక విమానంలో వాడిన పెట్టెను ఈ రోజు ఇంకోదాంట్లో పెట్టి కోడ్ మార్చకపోతే, మన విమానం వేరొకరి పేరుతో తిరుగుతుంది. పైగా సొంత విమానం ట్రాన్స్‌పాండర్‌నే పక్కన ఎవరో ఉన్నారనుకుని పెట్టె అరుస్తూనే ఉంటుంది. రోజుకో విమానం మారే శిక్షణ సంస్థల్లో ఇది చాలా ముఖ్యం.

మూడోది ప్రసారం. విమానంలో బిగించిన ట్రాన్స్‌పాండర్ ఇప్పటికే ఏడీఎస్-బీ ప్రకటన చేస్తుంటే, పెట్టెను వినడానికి మాత్రమే పెట్టాలి. ఒకే కోడ్‌తో రెండు గొంతులు ఉండకూడదు. గాలిలోకి సంకేతం పంపే దేనికైనా ఆ దేశపు విమానయాన శాఖ నియమాలు చూసుకోవాలి.

నాలుగోది తెర. పైన 35 వేల అడుగుల్లో దుబాయ్‌కి పోయే విమానాలన్నీ చూపిస్తే తెర నిండిపోతుంది. కొన్ని మైళ్ళ దూరం, పైనా కిందా రెండు వేల అడుగుల లోపు వాటికే పరిమితం చెయ్యాలి. హెచ్చరిక హెడ్‌సెట్‌లో వినిపించేలా కలపాలి. అప్పుడు పిల్ల తల వంచి తెర చూడకుండా బయటే చూస్తుంది.

ఇంత చేసినా ఆ పెట్టె మాట్లాడేవాళ్ళనే వింటుంది. ఏ యంత్రమూ లేని విమానం దానికి లేనట్టే. ఫ్లార్మ్ ఫ్రీక్వెన్సీ వేరు కాబట్టి, దాన్ని వినలేని పెట్టెకు ఆ గ్లైడర్ కూడా లేనట్టే. జీపీఎస్‌కు అంతరాయం కలిగితే చోటు తప్పుగా చూపిస్తుంది. అందుకే తెర ఖాళీగా ఉందంటే ఆకాశం ఖాళీగా ఉందని కాదు. కళ్ళతో వెతకడం, రేడియోలో తానెక్కడున్నదీ చెప్పడం మానకూడదు.

కాబట్టి ఫీజు కట్టే ముందు శిక్షణ సంస్థకు ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపండి. మీ విమానాలన్నిటిలో ఏడీఎస్-బీ ఉందా, కొన్నిటిలోనేనా? అది పంపడం, వినడం రెండూ చేస్తుందా? చేతిపెట్టె అయితే, విమానం మారినప్పుడు కోడ్ ఎవరు మారుస్తారు, ఎవరు సరిచూస్తారు? హెచ్చరిక హెడ్‌సెట్‌లో వినిపిస్తుందా? విద్యార్థి ఒంటరిగా ఎగిరే రోజు ఒకేసారి ఎన్ని విమానాలను రన్‌వే చుట్టూ తిరగనిస్తారు?

సరైన సంస్థ వీటికి విసుక్కోకుండా, ఒక్కోదానికి విడిగా జవాబిస్తుంది. ‘మా పైలట్లకు అనుభవం ఉంది, మీరేం భయపడకండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఇంకో సంస్థకు కూడా ఈమెయిల్ పెట్టండి.