సూర్యాపేటలో అక్షరాలెన్ని?

సూర్యాపేట... ఈ మాటలో అక్షరాలెన్ని? బడికెళ్లే పిల్లాణ్ని అడిగితే వేళ్లు మడిచి నాలుగంటాడు. సూ, ర్యా, పే, ట. కంప్యూటర్ మాత్రం తొమ్మిదంటుంది! స, దానికి కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, య, దీర్ఘం, ప, ఏత్వం, ట... ఇలా దేనికది విడిగా లెక్కేస్తుంది. కోదాడ మనకు మూడు, దానికి అయిదు. మిర్యాలగూడ మనకు అయిదు, దానికి పది.

ఈ లెక్కతో మనకేం పని అనుకోవద్దు. సెల్‌ఫోన్లో ఇంగ్లిషు ఎస్సెమ్మెస్ 160 అక్షరాల దాకా ఒకటే. తెలుగులో కొడితే 70 దాటగానే రెండోది మొదలవుతుంది. 2006లో పుట్టిన ట్విటర్ మాటకు 140 హద్దు పెట్టింది. అందులోనూ ఒత్తుకో లెక్క, గుడికో లెక్క. ఒక్క ‘స్త్రీ’కే ఆరు ఖర్చు! 2017 నవంబరులో ఆ హద్దు 280 అయ్యాకగానీ తెలుగువాళ్లకు కాస్త ఊపిరాడలేదు.

అయినా ఈ తొమ్మిది లెక్క మన మేలుకే వచ్చింది. ఎలాగంటారా?

శుభలేఖ తెలుగు వేరు

సూర్యాపేటలోనైనా మిర్యాలగూడలోనైనా డీటీపీ సెంటర్లో శుభలేఖో కరపత్రమో చేయిస్తే అది చాలావరకు అను ఫాంట్లలోనే తయారయ్యేది. తెర మీద ముచ్చటైన తెలుగు. లోపల దాగున్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ! ఆ ఫైల్లోంచి నాలుగు వాక్యాలు తీసి బ్లాగులో అతికిస్తే వరుడి పేరు కాస్తా పిచ్చిగీతలయ్యేది. పత్రికల వెబ్‌సైట్లదీ అప్పట్లో అదే తంతు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది లేనివాళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు. వెతికితే దొరికేదీ కాదు.

ఈ చిక్కు విప్పింది యూనికోడ్. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటుంది. సున్నా నుంచి బండిర దాకా ప్రతి గుర్తుకూ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. కోదాడలో కొట్టిన ‘క’ కాలిఫోర్నియాలోనూ ‘క’గానే కనిపిస్తుంది. కాకపోతే మన ఇళ్లకు చేరడానికి ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, కంట్రోల్ ప్యానెల్లో వెతికి వెతికి ఓ గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ ఇస్తేగానీ గుణింతాలు కుదురుగా కూర్చునేవి కావు.

ఆ రోజుల్లో బ్లాగరులకు ఊతమైంది ‘లేఖిని’. వీవెన్ తయారుచేసిన ఈ పేజీలో ఒక గడిలో ఇంగ్లిషు అక్షరాలు కొడుతుంటే మరో గడిలో తెలుగు ప్రత్యక్షమయ్యేది. కాపీ చేసుకుని బ్లాగులో అతికిస్తే టపా సిద్ధం. కీబోర్డు మీద తెలుగు నేర్చుకోని వాళ్లంతా దాంతోనే రచయితలైపోయారు. ఎవరెవరు కొత్తగా ఏం రాశారో ఒకేచోట చూపించేందుకు ‘కూడలి’ ఉండేది. ఊరిపేరు తెలియని బ్లాగరు కూడా అక్కడ నలుగురి కంట్లో పడేవాడు.

తలుపులు మూసుకున్నాయి

రాయడం ఒక ఎత్తయితే, పదిమందికీ చేర్చడం మరో ఎత్తు. దానికీ ఉపకరణాలు వరసకట్టాయి. నచ్చిన బ్లాగులన్నీ ఒక్కచోట చదువుకునేందుకు 2005లో గూగుల్ రీడర్ వచ్చింది. 2013 జులై 1న దుకాణం కట్టేసింది. 2008లో వచ్చిన ట్వీట్‌డెక్, డెస్క్‌టాప్ మీద నిలువు వరసల్లో కబుర్లన్నీ పరిచేది. 2011లో ట్విటరే దాన్ని కొనేసింది. 2016లో విండోస్ ప్రోగ్రాం ఆగింది. 2023 ఆగస్టు నుంచి డబ్బు కట్టినవాళ్లకే దర్శనం.

బ్లాగులో టపా పెట్టగానే దానంతటదే ఫేస్‌బుక్‌లోనూ ట్విటర్లోనూ ప్రత్యక్షమయ్యే సదుపాయం ఎంత హాయిగా ఉండేదో! 2018 ఆగస్టు 1 నుంచి సొంత ఖాతాల్లోకి అలా పంపడాన్ని ఫేస్‌బుక్ మాన్పించింది. 2023లో ట్విటర్ రుసుములు పెంచేసరికి వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఆ దారి మూసేసింది. ఇక ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న కనుమరుగయ్యాయి. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి. తెలుగు సాహిత్య చర్చలకు పేరుపడ్డ ‘రచ్చబండ’ నడిచింది ఆ గ్రూపుల్లోనే.

అద్దె ఇల్లు ఎంత బాగున్నా యజమాని ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే. సామాను సర్దుకునే వ్యవధి ఇస్తే అదృష్టం.

పోతే ఏం పోతుంది?

ఎవరో తిన్న దోసె ఫొటో పోతే కొంపలేం మునగవు. కానీ చిన్న ఊళ్ల సంగతి వేరు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. గంపలెత్తుకుని గుట్టెక్కే ఇంటిల్లిపాదీ పాటించే ఆచారాలు ఆ ఇంటివాళ్లు చెబితేనే తెలుస్తాయి. ఫణిగిరి బౌద్ధ స్తూపం, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి, సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పెరిగిన మిర్యాలగూడ బియ్యం మిల్లులు... వీటి గురించి పెద్ద పుస్తకాలు రాసేవాళ్లు రాస్తారు. మిల్లులో వడ్లు దింపే హమాలీ మాట్లాడే మాటలు, కోదాడ దాటగానే యాస మారే తీరు మాత్రం అక్కడి మనిషే రాయాలి. అతను రాసింది ఒక్క ఫేస్‌బుక్‌లోనే ఉంటే నాలుగు రోజుల్లో అడుక్కి జారిపోతుంది. ఏడాది తర్వాత రాసినవాడికే దొరకదు.

మూడు మంచి అలవాట్లు

పెద్ద ఖర్చేం లేదు, ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు.

ఒకటి: ఏదైనా ముందు సొంత ఫైల్లో యూనికోడ్‌లో రాసుకోవాలి. నోట్‌ప్యాడ్ అయినా ఫర్వాలేదు. సేవ్ చేసేటప్పుడు ‘యూటీఎఫ్-8’ అని ఉందో లేదో చూసుకోవాలి. అది తప్పితే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. తర్వాత బ్లాగులో పెట్టి, లింకు మాత్రం ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో పంచుకోవచ్చు. ఇల్లు బ్లాగు, మిగతావన్నీ దారి చూపే బోర్డులు.

రెండు: మూణ్నెల్లకోసారి బ్లాగును దించుకోవాలి. బ్లాగర్లో బ్యాకప్, వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ అందుకే. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఫైల్లో రాతలూ వ్యాఖ్యలూ వస్తాయి, ఫొటోలు రావు. వాటిని వేరే దాచుకోవాలి. ఫేస్‌బుక్ కూడా మన సమాచారాన్ని దించుకోనిస్తుంది. ‘హెచ్‌టీఎంఎల్’ రూపం ఎంచుకుంటే తెలుగు తెలుగులా ఉంటుంది. ‘జేసన్’లో తీసుకుంటే చదవలేం.

మూడు: చదివేవాళ్లు ఫీడ్‌ను మరిచిపోకూడదు. గూగుల్ రీడర్ పోయినా ఫీడ్ పోలేదు. మెయిల్ కోసం వాడే థండర్‌బర్డ్‌లో నచ్చిన బ్లాగు చిరునామా చేర్చుకుంటే కొత్త టపాలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఏది ముందు చూపాలో, ఏది దాచాలో మధ్యలో ఎవరూ నిర్ణయించరు.

పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఈ జాతర మీద రాసుకున్న టపా వచ్చే జాతరనాటికి దొరికితే చాలు, ఆ ఉపకరణం పనిచేసినట్టే. ఆపై జాతరకు అది ఉంటుందో ఊడుతుందో కంపెనీవాళ్ల ఇష్టం. ఫైలు మాత్రం మన ఇంట్లో ఉండాలి.