చిన్న చక్రాల సైకిలు కొనేముందు

"తాతగారూ, మనవడి సైకిలు మీరెందుకు తొక్కుతున్నారు?" అని మా వీధి మలుపులో ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పులేదు. అరవై నాలుగేళ్ళ మనిషి, ఇరవై అంగుళాల చక్రాలు. చూసేవారికి వింతగానే ఉంటుంది. ఈ నెల ఈ శీర్షికలో ఆ వింత సైకిలును గురించీ, దానిని కొనే విషయంలో నేను చేసిన ఒక పొరపాటును గురించీ పాఠకులకు మనవి చేస్తాను.

విశాఖపట్నంలో మా ఇంటినుంచి మా అక్కయ్య ఇంటికి ఆరు కిలోమీటర్లు. ఆమెకు చూపు మందగించి నాలుగేళ్ళయింది. ఉదయం వెళ్ళి దినపత్రిక చదివి వినిపించి రావడం నాకు నిత్యకృత్యం. మోకాలు మొరాయించిన తరువాత పాత సైకిలు అడ్డకడ్డీ మీదుగా కాలు తిప్పి ఎక్కడం నా వల్ల కాలేదు. వైద్యుడు సైకిలు తొక్కడం మంచిదేనన్నాడు. తొక్కడం చేతనవుతుంది కాని, ఎక్కడమే చేతకాని పరిస్థితి. పైగా మేముండేది మూడవ అంతస్తు. కింద వదిలితే సైకిలు ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ రెండు చిక్కులకూ ఒకే పరిష్కారంగా కనిపించినది అడ్డకడ్డీ లేని, చిన్న చక్రాల రోడ్డు సైకిలు.

చిన్న చక్రాలు పిల్లల ఆటకే తప్ప పెద్దల ప్రయాణానికి పనికిరావన్న అభిప్రాయం చాలాకాలం లోకంలో పాతుకుపోయి ఉన్నది. దానిని గట్టిగా ప్రశ్నించినవాడు ఇంగ్లండుకు చెందిన అలెక్స్ మౌల్టన్ అనే ఇంజనీరు. ఆయన ముత్తాత స్టీఫెన్ మౌల్టన్ 1848లో బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ అనే చిన్న పట్టణంలో రబ్బరు కర్మాగారం స్థాపించాడు. రబ్బరు గుణగుణాలు ఆ ఇంట వంశపారంపర్యంగా వచ్చిన విద్య. 1959లో వెలువడిన ప్రసిద్ధమైన మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ సమకూర్చినది అలెక్స్ మౌల్టనే. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు కటకట ఏర్పడినప్పుడు ఆయన దృష్టి సైకిలు వైపు మళ్ళింది.

సైకిలు చక్రం ఎందుకంత పెద్దదిగా ఉండాలి అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నాడు. పెద్ద చక్రం గోతుల మీదుగా సాఫీగా సాగిపోతుంది. చిన్న చక్రం గోతిలో మరింత లోతుకు దిగుతుంది, కుదుపు ఎక్కువ. టైరులో గాలి తగ్గించి మెత్తగా చేస్తే కుదుపు తగ్గుతుంది కాని, తొక్కడం బరువవుతుంది. మౌల్టన్ ఈ చిక్కుముడిని రెండువైపులా విప్పాడు. సన్నని చిన్న టైరులో గాలి ఒత్తిడి పెంచి తొక్కడం తేలిక చేశాడు. అందువల్ల వచ్చే కుదుపును భరించడానికి ముందూ వెనుకా రబ్బరు సస్పెన్షన్ పెట్టాడు. అడ్డకడ్డీ తీసివేసి, స్త్రీలూ పురుషులూ ఎవరైనా ఎక్కగలిగేటట్లు చట్రాన్ని మలిచాడు. చిన్న చక్రం వల్ల మిగిలిన చోటులో ముందూ వెనుకా సామాను పెట్టుకునే క్యారియర్లు అమర్చాడు. 16 అంగుళాల చక్రాలుగల ఆ సైకిలు 1962లో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే జాన్ వుడ్‌బర్న్ అనే పందెగాడు దానిమీద కార్డిఫ్ నుంచి లండన్‌కు ప్రయాణించి పాత రికార్డును బద్దలుకొట్టాడు. పిల్లల బండి అని నవ్వినవారికి అంతకన్న సమాధానం అక్కరలేదు.

మన దేశంలో సెన్-ర్యాలీ ద్వారా పాతతరానికి పరిచితమైన ర్యాలీ కంపెనీ మొదట ఈ నమూనాను కాదన్నది. 1965లో తానే ఒక చిన్న చక్రాల సైకిలు తెచ్చింది. దానికి సస్పెన్షన్ లేదు. బదులుగా లావుపాటి మెత్తని టైర్లు పెట్టారు. తొక్కేవారికి అవి బరువయ్యాయి. చివరకు 1967లో ర్యాలీ మౌల్టన్ సైకిళ్ళ వ్యాపారాన్నే కొన్నది. మౌల్టన్ 1983లో మరింత మేలైన మరొక నమూనాతో తిరిగి వచ్చాడు. 1986లో కెనడాలోని వాంకూవర్‌లో జిమ్ గ్లోవర్ ఆ సైకిలుకు గాలిని చీల్చే తొడుగు వేసి గంటకు 82 కిలోమీటర్లకు పైగా వేగం సాధించాడు. మౌల్టన్ 2012లో కన్నుమూశాడు. అంతర్జాతీయ రోడ్డు పందేల నిబంధనల ప్రకారం టైరుతో సహా చక్రం వ్యాసం 55 సెంటీమీటర్లకు తగ్గరాదు. కనుక ఇరవై అంగుళాల సైకిలుకు ఆ పందేలలో చోటు లేదు. మనం వెళ్ళేది పందేనికి కాదు కనుక మనకు ఆ బెంగ అక్కరలేదు.

ఈ చరిత్ర అంతా చదివి ఉత్సాహపడి నేను చేసిన పొరపాటు ఇప్పుడు చెబుతాను. విదేశంనుంచి తిరిగివచ్చిన ఒక కుటుంబం వద్ద 16 అంగుళాల చక్రాల సైకిలు ఒకటి వాడినది దొరికింది. రంగు బాగున్నది. బెల్లు ఇంపుగా మోగింది. తోలు సీటు, తోలు సంచి, ఇత్తడి మెరుపులు. ఇన్ని ఆభరణాలు చూసిన నేను టైరు పక్కగోడమీద ఉన్న అంకెలు చూడలేదు. ఎనిమిది నెలలు హాయిగా తిరిగాను. ఆ వర్షాకాలంలో ఒక ఉదయం కొండవాలు దిగుతుండగా వెనుక టైరు చీలిపోయింది. అదృష్టవశాత్తు దెబ్బ తగలలేదు.

సైకిలు నడిపించుకుంటూ రిపేరు దుకాణానికి వెళ్ళాను. ఆయన పిల్లల సైకిలు టైరు ఒకటి తెచ్చి, "పదహారు అంగుళాలే కదండీ" అంటూ ఎక్కించబోయాడు. అది రిమ్ము అంచు దాటి రానేలేదు. ఇద్దరమూ చెమటలు కక్కాము. తరువాత స్కేలు పెట్టి కొలిస్తే అసలు సంగతి తేలింది. పిల్లల సైకిలు టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 305 మిల్లీమీటర్లు. నా సైకిలుది 349. రెండింటినీ 16 అంగుళాలే అంటారు. నడుమ తేడా మాత్రం 44 మిల్లీమీటర్లు! ఊరిలో ఏ దుకాణంలోనూ ఆ టైరు లేదు. తెప్పించుకోవడానికి ఐదు వారాలు పట్టింది.

ఆ ఐదు వారాలూ అక్కయ్య వద్దకు వారానికి ఒకసారి మాత్రమే వెళ్ళగలిగాను. ఆటో ఖర్చు ఒక కారణం, వర్షం మరొక కారణం. చివరి వారం వెళ్ళినప్పుడు ఆమె పక్కన దినపత్రికలు వరుసగా పేర్చి ఉన్నాయి, మడత విప్పనివి. "పెళ్ళికి పిల్లను వెతికినట్టు దేశమంతా టైరు వెతుకుతున్నావట కదరా! ఊళ్ళో సంబంధం చూసుకోలేకపోయావా?" అన్నది. నవ్వుతూనే అన్నది కాని, ఆ పత్రికల దొంతర చూసిన నాకు నవ్వు రాలేదు. టైరు వచ్చిన తరువాత, దాని సంగతి బాగా తెలిసిన ఒకరికి అన్నీ విప్పి చెప్పి ఆ సైకిలు అమ్మివేశాను. 406 మిల్లీమీటర్ల రిమ్ములుగల ఇరవై అంగుళాల సైకిలు కొన్నాను.

కనుక కొనేవారికి నా మొదటి మాట ఇది: అంగుళాలను నమ్మకండి, మిల్లీమీటర్లను చదవండి. టైరు పక్కగోడమీద 40-406 వంటి జంట అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం. ఆ రెండవ అంకె కలవనిదే టైరు ఎక్కదు. ఇరవై అంగుళాలలో కూడ 406 ఒకటి, 451 ఒకటి ఉన్నాయి. 451 సన్నని పరుగు టైర్లకు పేరుపడినది. 406 పిల్లల సైకిళ్ళలో విరివిగా వాడుకలో ఉన్నది. అంటే అవసరానికి ఒక మామూలు టైరైనా మీ ఊరి దుకాణంలో దొరికే అవకాశం ఉన్నది. కొనబోయే ముందు ఆ అంకె ఒక కాగితంమీద రాసుకొని మీ వీధి దుకాణానికి వెళ్ళి, "ఈ టైరు ఉన్నదా?" అని అడగండి. ఆయన ఇచ్చే జవాబే మీ సైకిలుకు అసలైన హామీపత్రం.

రెండవది, గేరు. మన పాత నల్ల సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.25 మీటర్లు సాగుతుంది. 40-406 టైరు ఉన్న చక్రం సాగేది 1.53 మీటర్లే. పెడల్ వద్ద 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెద్ద సైకిలు పెడల్ ఒక చుట్టుకు సుమారు 5.5 మీటర్లు పోతుంది. అవే పళ్ళతో చిన్నది 3.7 మీటర్లు మాత్రమే పోతుంది. కాళ్ళు గిరగిర తిరుగుతాయి, బండి కదలదు. అదే ముందు 50 పళ్ళు, వెనుక 14 ఉంటే చిన్నదీ 5.45 మీటర్లు పోతుంది. కనుక దుకాణంలోనే పళ్ళు లెక్కపెట్టండి. మా ఊరి వంటి ఎత్తుపల్లాల ఊళ్ళలో ఎక్కుడుకు పనికివచ్చే పెద్ద పళ్ళ చక్రం కూడ వెనుక ఒకటి ఉండి తీరాలి.

మూడవది, మడత సైకిలైతే మడత కీలు. దానిని బిగించి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిలును ముందుకూ వెనుకకూ కదిలించి చూడండి. కీలు వద్ద ఏమాత్రం ఆట ఉన్నా, టక్కుమన్న చప్పుడు వచ్చినా ఆ సైకిలు వద్దు. తరువాత ఒక కిలోమీటరైనా తొక్కి చూడండి. చిన్న చక్రాల హ్యాండిలు చురుకుగా తిరుగుతుంది. తొలిరోజు భయం వేస్తుంది, వారంలో అలవాటవుతుంది. గోతులను మాత్రం తప్పించుకొనే పోవాలి.

ఇక అదనపు సామగ్రి. మొదటి సైకిలుకు నేను తోలు సంచినుంచి మొదలుపెట్టాను. రెండవదానికి గాలి పంపునుంచి మొదలుపెట్టాను. సన్నని చిన్న టైరుకు చదరపు అంగుళానికి 60 పౌండ్లకు పైబడిన గాలి అవసరం కావచ్చు. ఎంతవరకు పట్టవచ్చునో టైరుమీదే రాసి ఉంటుంది. చేతి అంచనా చాలదు, కొలత చూపే పంపు కొనండి. ట్యూబు వాల్వు సంగతీ చూసుకోండి. మోటారు సైకిలు వాల్వు వంటిదైతే పెట్రోలు బంకులో కూడ గాలి దొరుకుతుంది. సన్నని విదేశీ వాల్వు అయితే దానికి తొడిగే చిన్న ఇత్తడి మూత ఒకటి జేబులో ఉంచుకోవాలి. ఒక అదనపు ట్యూబు, టైరు విప్పే మీటలు, చక్రపు నట్లకు సరిపోయే స్పానరు సీటు కింది సంచిలో ఉండాలి. ఈ మొత్తం ఆ ఇత్తడి బెల్లు ఖరీదుకన్న ఏమంత ఎక్కువ కాలేదు.

తరువాత మడ్‌గార్డులు. చిన్న చక్రం నేలకు దగ్గరగా ఉంటుంది. బురద నేరుగా చైనుమీదా కాళ్ళమీదా పడుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుప నట్లు త్వరగా తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ నట్లు అడిగి వేయించుకోండి. చైనుకు నూనె ఎక్కువసార్లు పెట్టాలి. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం చీకటికి తప్పనిసరి. సైకిలు పొట్టిది కనుక, వెనుక దీపం వీలైనంత ఎత్తున కట్టండి.

సామాను మోయడంలో చిన్న చక్రాల గొప్ప కనిపిస్తుంది. క్యారియర్ కిందుగా ఉంటుంది కనుక బరువు నేలకు దగ్గరగా నిలుస్తుంది. ముందు బుట్ట హ్యాండిలుకు కాక, మౌల్టన్ చేసినట్లు చట్రానికే బిగించినదైతే హ్యాండిలు తిప్పడానికి బరువు అడ్డురాదు. వెనుక సంచి తగిలించే ముందు పెడల్ తొక్కుతూ మడమ తగులుతున్నదేమో చూసుకోండి. చట్రం కురచ కనుక చాలా సంచులు అక్కడే తగులుతాయి.

ఒక్క లోపం మాత్రం ఎంత ఖర్చు పెట్టినా పోదు. నా చక్రం కిలోమీటరుకు సుమారు 650 సార్లు తిరుగుతుంది. పెద్ద చక్రం తిరిగేది 445 సార్లు. చిన్న టైరు త్వరగా అరుగుతుంది. అందుకే మా ఇంట్లో అటకమీద ఒక టైరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఊరిలో దొరికేదే అయినా సరే.

రెండవ సైకిలుకు ఇత్తడి మెరుపులు లేవు. బెల్లు కూడ మామూలుదే. మొన్న వెనుక చక్రం పంక్చరయింది. సగం దూరంలో ఉన్న దుకాణంలో ట్యూబు మార్పించుకొని బయలుదేరాను. అక్కయ్య ఇంటికి చేరేసరికి అరగంట ఆలస్యమయింది. "ఏరా, ఇవాళ ఆలస్యమయిందేం?" అని అడిగింది. చెప్పాను. "సరే, మొదటి పేజీనుంచి మొదలుపెట్టు" అన్నది.