వైరల్ అయిన రోజుకు ముందు మూడేళ్లు

లైబ్రరీలో కాస్త గట్టిగా మాట్లాడితేనే పక్కవాళ్లు గుర్రుగా చూస్తారు. అలాంటిది 2021 మే 4న లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన సైప్రెస్ పార్క్ బ్రాంచిలో నలుగురు అమ్మాయిలు డ్రమ్స్, గిటార్లు పెట్టుకుని గొంతు చించుకుని మరీ పాడారు. డ్రమ్స్ వాయించిన మీలాకు పదేళ్లు. నలుగురిలో పెద్దదైన బేలాకు పదహారు. ఆ బ్యాండ్ పేరు 'ది లిండా లిండాస్'.

ఆ వీడియోలోని 'రేసిస్ట్, సెక్సిస్ట్ బాయ్' అనే పాట అదే నెలలో ఇంటర్నెట్‌ను ఊపేసింది. చూస్తుండగానే పంక్ సంగీతంలో పేరున్న ఎపిటాఫ్ రికార్డ్స్ సంస్థ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఒక్క వీడియో, ఒక్క నెల, కెరీర్ సెట్! ఇలాంటి కథలు మీ ఫోన్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటాయి. ఫలానా సీనియర్‌కి ఒక్క పోస్టుతో ఆఫర్ వచ్చిందట, ఫలానా అమ్మాయి యాప్‌ని ఎవరో పెద్దాయన షేర్ చేశాడట. అవి చదివాక మన రెజ్యూమె చూసుకుంటే నీరసం వస్తుంది. అందుకే ఈ బ్యాండ్ కథను మే 2021 నుంచి కాకుండా అసలు మొదలు నుంచి చూద్దాం.

మొదలు 2018. లాస్ ఏంజెలెస్‌లో 'గర్ల్‌స్కూల్' అనే సంగీతోత్సవం కోసం కొందరు పిల్లలను పోగుచేసి స్టేజీ ఎక్కించారు. వాళ్లలో లూసియా, మీలా అక్కాచెల్లెళ్లు. ఎలోయీజ్ వాళ్లకు కజిన్. బేలా కుటుంబ స్నేహితురాలు. అప్పటికి వాయించడం సరిగా రాదు, సొంత పాటలు లేవు. వేరేవాళ్ల పాటలే పాడారు. ఆ ఒక్క షోతో ఆగిపోయి ఉంటే అదొక ఫ్యామిలీ ఆల్బమ్ ఫొటోగా మిగిలేది. కానీ నలుగురూ బ్యాండ్‌గా నిలబడి చిన్న చిన్న వేదికల మీద వాయిస్తూ వచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, వీళ్లు ముందు తమ ఊళ్లోనే గెలిచారు.

2019లో 'బికినీ కిల్' అనే ప్రసిద్ధ పంక్ బ్యాండ్ హాలీవుడ్ పలాడియంలో షో చేస్తే, దానికి ముందు వాయించే అవకాశం వీళ్లకు వచ్చింది. ఆ షోలో వాళ్లను చూసిన నటి, దర్శకురాలు ఏమీ పోలర్ తన సినిమా 'మాక్సీ'లోకి తీసుకున్నారు. అది 2021 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఈలోగా 2020 డిసెంబర్‌లో నాలుగు పాటల చిన్న రికార్డును వాళ్లే విడుదల చేసుకున్నారు. లైబ్రరీ వీడియో వచ్చింది వీటన్నిటి తర్వాత. ఒక వేదిక మీద పని చూసినవాళ్లే తర్వాతి వేదిక ఇచ్చారు. కెరీర్ మామూలుగా కదిలేది ఇలాగే.

ఇక ఆ పాట సంగతి. కరోనా లాక్‌డౌన్‌కు కాస్త ముందు మీలా క్లాసులో ఒక అబ్బాయి, చైనా వాళ్లకు దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడన్నాడు. నేనూ చైనీస్ మూలాలున్నదాన్నే అని మీలా చెప్పగానే వెనక్కి జరిగాడు. ఆ మాట మనసులో గుచ్చుకుని, మీలా, ఎలోయీజ్ జూమ్‌లో కూర్చుని పాట రాశారు. అంత పెద్ద సమస్య గురించి పెద్ద మాటలేమీ వాడలేదు. తమకు జరిగింది తమ భాషలో చెప్పారు. మన రెజ్యూమెల్లో 'డైనమిక్ ఆర్గనైజేషన్‌లో నా స్కిల్స్ ఉపయోగించి...' అంటూ క్లాసంతా కాపీ కొట్టే వాక్యం ఉంటుంది చూడండి, దానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. మీ హాస్టల్ మెస్‌లో అన్నం ఎంత వృథా అవుతోందో లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్ మీరు నిజంగా రాసి ఉంటే, ఇంటర్వ్యూలో దాని గురించి పావుగంట మాట్లాడగలరు. కాపీ వాక్యం గురించి పావు నిమిషం కూడా మాట్లాడలేరు.

ఇక్కడ మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 'వాళ్లకేం బాస్, బ్యాక్‌గ్రౌండ్ ఉంది' అని. నిజమే, ఉంది. లూసియా, మీలాల నాన్న కార్లోస్ డి లా గార్జా పేరున్న రికార్డ్ ప్రొడ్యూసర్. వాళ్ల మొదటి ఆల్బమ్‌ను ఆయనే ప్రొడ్యూస్ చేశారు. ఎలోయీజ్ నాన్న 'జెయింట్ రోబోట్' పత్రిక సహ వ్యవస్థాపకుడు. దీన్ని దాచిపెట్టి 'కష్టపడితే ఎవరైనా...' అని చెప్తే అది మోసమే అవుతుంది. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు లేని విద్యార్థికీ, ఇంట్లోనే ఇద్దరు ఇంజినీర్లున్న విద్యార్థికీ రేసు ఒకే గీత దగ్గర మొదలవదు.

అయితే ఆ బ్యాక్‌గ్రౌండ్ వాళ్లకు ఇచ్చిందేమిటో విడదీసి చూడండి: సాధన చేయడానికి చోటు, తప్పులు చెప్పే అనుభవజ్ఞులు, పని చూపించుకోవడానికి వేదిక. మొదటిదానికి సాయంత్రం ఖాళీగా ఉండే కాలేజీ ల్యాబ్ ఉంది. రెండోదానికి, రెఫరల్ ఇమ్మని కాకుండా 'ఈ కోడ్‌లో తప్పేంటన్నా' అని అడిగితే జవాబిచ్చే సీనియర్లు ఉంటారు. మూడోదానికి గిట్‌హబ్ ఉచితం. ఇవి ఇంట్లో దొరికినంత తేలిగ్గా దొరకవు, వెతుక్కోవాలి. అన్నట్టు, ఈ బ్యాండ్‌ను ప్రపంచానికి చూపించింది ఖరీదైన స్టూడియో కాదు, జనం పన్నులతో నడిచే లైబ్రరీ. మన జిల్లా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లకు అలాంటి చోటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

వైరల్ అయ్యాక ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. చదువు మానేయలేదు. సెలవులు చూసుకుని టూర్లు వేసుకున్నారు. ఏడాది తిరగకముందే, 2022 ఏప్రిల్ 8న తొలి ఆల్బమ్ 'గ్రోయింగ్ అప్' తెచ్చారు. 2024లో గ్రీన్ డే బ్యాండ్ అమెరికా స్టేడియాల్లో చేసిన టూర్‌లో వీళ్లూ వాయించారు. అదే ఏడాది అక్టోబర్‌లో రెండో ఆల్బమ్ 'నో ఆబ్లిగేషన్' వచ్చింది. చేతిలో ఆ ఒక్క పాటే ఉండి ఉంటే జనం నెలలోపే మర్చిపోయేవాళ్లు. రెండో పాట, మూడో పాట సిద్ధంగా ఉన్నాయి కాబట్టే నిలిచారు. ఆఫర్ లెటర్ కూడా అంతే. లోపలికి రానిస్తుంది, లోపల మిమ్మల్ని నిలబెట్టాల్సింది మీకొచ్చిన పనే.

మూడేళ్లు కష్టపడిన ప్రతివాళ్లూ వైరల్ అవుతారా? కారు. చాలామంది కారు. కానీ ఆ వీడియో అసలు రాకపోయినా, వాళ్ల ఖాతాలో బికినీ కిల్‌తో ఒక షో, ఒక సినిమా, సొంత పాటల రికార్డు ఉండేవి. కాబట్టి ఫైనలియర్ ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఒక్కటే అడగండి: దీన్ని ఎవరూ షేర్ చేయకపోయినా నా చేతిలో మిగిలేదేమిటి? ఏదో ఒకటి కచ్చితంగా మిగులుతుందనిపిస్తే ఈ వారమే మొదలుపెట్టండి, కలిసి చేసే ముగ్గురు దొరికితే మరీ మంచిది. ఏమీ మిగలదనిపిస్తే ఇప్పుడే మార్చేయండి, ఇంకా టైముంది.