సమాధి తవ్వినవారు చూసిందేమిటి

రక్తపిశాచి ఏ కథకుడో కూర్చుని అల్లిన కల్పన అనుకోవడం సరికాదు. ఆ నమ్మకం వెనుక కళ్లారా చూసినవారి సాక్ష్యం ఉంది, అదీ రాతపూర్వకంగా. 1725లో హాబ్స్‌బర్గ్ పాలనలోని సెర్బియాలో, కిసిల్యెవో అనే పల్లెలో పీటర్ బ్లాగొయెవిచ్ చనిపోయాడు. తర్వాత ఎనిమిది రోజుల్లో మరో తొమ్మిది మంది పోయారు. అతడు నిద్రలో వచ్చి మీదపడి గొంతు నులిమాడని వాళ్లు చనిపోయేముందు చెప్పారు. ఊరివాళ్లు పట్టుబట్టి సమాధి తవ్వితే, ఫ్రోంబాల్డ్ అనే ప్రభుత్వాధికారి దగ్గరుండి చూసి నివేదిక రాశాడు. దుర్వాసన లేదు, జుట్టు, గడ్డం, గోళ్లు పెరిగాయి, పాత చర్మం ఊడి కింద కొత్తది కనిపిస్తోంది, నోట్లో తాజా నెత్తురుంది. గుండెలో కొయ్య దించగానే చెవుల్లోంచి, నోట్లోంచి రక్తం కారింది. ఆయన అబద్ధం రాశాడనడానికి కారణమేమీ కనబడదు. పొరపాటు చూపులో లేదు, చూసినదానికి చెప్పుకున్న అర్థంలో ఉంది.

శవం తడి ఆరి చర్మం ముడుచుకుంటే లోపలి గోరు, గడ్డపు మొదళ్లు బయటపడి పెరిగినట్టే కనిపిస్తాయి. కుళ్లేటప్పుడు పైపొర ఊడి కింది చర్మం ఎర్రగా మెరుస్తుంది. గడ్డకట్టిన రక్తం మళ్లీ పలచబడవచ్చు. కడుపులో చేరిన వాయువు ఆ నెత్తుటి ద్రవాన్ని నోటికి తోస్తుంది. కొయ్య దిగినప్పుడు అదే వాయువు గొంతులోంచి దూసుకొచ్చి మూలుగులా వినిపించగలదు. ‘పల్లెజనం సంగతి సరే, 1732లో మెద్వెజ గ్రామంలో సైనిక వైద్యులే ఇలాంటి నివేదికపై సంతకాలు పెట్టారు కదా’ అని అడగవచ్చు. పెట్టారు. కానీ బతికున్నవారికి వైద్యం చేసేవాడికి నెలల తరబడి భూమిలో ఉన్న దేహం ఎలా మారుతుందో తెలిసే అవకాశం తక్కువ. పక్కపక్క సమాధుల్లోనే కొన్ని శవాలు కుళ్లి, కొన్ని కుళ్లకుండా ఉన్నాయని ఆ నివేదికే చెబుతోంది. 1755లో వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఆ తేడాకి చలి, గాలి అందకపోవడం వంటి సహజ కారణాలు చూపాడు. శవాలను తవ్వి పొడవడాన్ని, కాల్చడాన్ని హాబ్స్‌బర్గ్ మహారాణి మరియా థెరీసా నిషేధించింది.

హేతువాదులమూ తొందరపడకూడదు. ఎండకు చర్మం కాలే పోర్ఫిరియా వ్యాధి నుంచే ఈ నమ్మకం పుట్టిందనే వివరణ వినడానికి బాగుంటుంది. కానీ ఎండ తగిలి రక్తపిశాచి చావడం 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమా తెచ్చిన ముచ్చట. 1897లో స్టోకర్ రాసిన డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. సెర్బియా పల్లెవాళ్లు చెప్పినది పాలిపోయిన దొర కాదు, ఉబ్బి ఎర్రబారిన శవం. ఇక అలాంటి పిశాచి నిజంగా బతకగలదా? నెత్తురే తిండిగా బతికే దేహం ఎలా ఉండాలో ప్రకృతిలో చూడాలంటే మధ్య, దక్షిణ అమెరికాల గబ్బిలం ఉంది. దాని ముక్కు చర్మం కింది వెచ్చని నాళాన్ని పసిగడుతుంది, లాలాజలం రక్తం గడ్డకట్టనివ్వదు. అయినా రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే చస్తుంది, ఎందుకంటే రక్తంలో కొవ్వు దాదాపు లేదు, ఎక్కువ నీరే. లీటరు మానవరక్తంలో సుమారు 190 గ్రాముల ప్రోటీన్, అంటే 760 కేలరీలు. మనిషంత పిశాచికి రోజుకి 2,000 కేలరీలు కావాలన్నా రెండున్నర లీటర్లు చాలవు. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు.

కథల్లోని పిశాచికి ఇంత లెక్క ఎందుకు, నమ్మేవారెవరని మరో ఆక్షేపణ. కథను కథగా చదివితే పేచీ లేదు. కానీ 1892లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో మెర్సీ బ్రౌన్ అనే 19 ఏళ్ల అమ్మాయిని క్షయ చంపింది. అంతకుముందు తల్లినీ అక్కనూ బలిగొన్నదీ అదే. చలికాలంలో రెండు నెలలు శవాల గదిలో ఉంచిన ఆమె దేహం చెడలేదని, గుండెలో నెత్తురుందని, ఆమే పిశాచి అని నమ్మి ఆ గుండెను కాల్చి బూడిదను జబ్బుతో ఉన్న అన్న ఎడ్విన్‌కు తాగించారు. అతడు మే నెలలో చనిపోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాఖ్ లోకానికి ప్రకటించి అప్పటికే పదేళ్లయింది.