ఇంజిన్‌కు హస్తవాసి తెలియదు

దసరా రోజు కారు టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాళ్ళను చూసి నవ్వే కుర్రాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళు, టర్బో కార్లు కొని వాటికి మార్పులు చేయించుకునేవాళ్ళు. "నిమ్మకాయకీ యాక్సిడెంటుకీ ఏం సంబంధమండీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మళ్ళీ అదే నోటితో "మా మేస్త్రీ హస్తవాసి మంచిది, పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్ స్క్రూ ఒక్క చుట్టు తిప్పాడు, పికప్ అదిరిపోయింది" అంటారు. ఈ మాటను మాత్రం ఎవరూ నిలదీయరు. ఇలాంటి మాటల్లో బార్, పీఎస్ఐ అన్న ప్రెషర్ కొలతలు వినిపిస్తాయి కాబట్టి సైన్సే అనుకుంటారు.

పెట్రోలు ప్రెషర్ ఎంత పెంచితే బండికి అంత బలమన్నది వీళ్ళ నమ్మకం. ఫోక్స్‌వ్యాగన్ 1.8 లీటర్ల టర్బో ఇంజిన్నే తీసుకుందాం. మన దగ్గర స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో వచ్చింది. కంపెనీ ఇచ్చిన 3 బార్ రెగ్యులేటర్ పీకేసి 4 బార్‌ది బిగించడం అమెరికా, యూరప్ అభిమానుల్లో ఆచారంలా సాగింది. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు, ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 3 నుంచి 4కు పెంచితే 15 శాతం, ఏకంగా రెట్టింపు చేసినా 41 శాతమే. పైగా ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు తోడే పెట్రోలు తగ్గుతుంది. పోనీ ఆ 15 శాతమైనా దక్కుతుందా? మామూలు డ్రైవింగ్‌లో ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు ఎక్కువైందని పసిగడుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్‌ను తక్కువసేపు తెరుస్తుంది, కథ మొదటికొస్తుంది. ట్యూనింగ్ ఫైలు 4 బార్ లెక్కతో రాసి ఉంటే ఆ మార్పుకు అర్థముంది. ఊరికే బిగించి "తేడా తెలుస్తోంది" అనేవాడికి తెలిసేది పెట్టిన ఖర్చే.

పెట్రోలు విషయంలో మనుషులు తేలిగ్గా బోల్తా పడతారు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళై మూలికలతో నీళ్ళను పెట్రోలుగా మారుస్తానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. పెట్రోలు గొట్టానికి అయస్కాంతం తగిలిస్తే మైలేజీ పెరుగుతుందన్న వ్యాపారం కూడా ఈ కోవదే. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ తేలలేదు.

మళ్ళీ మేస్త్రీ స్క్రూ దగ్గరికొద్దాం. స్క్రూ ఉన్న రెగ్యులేటర్‌ను సెట్ చేసే పద్ధతి చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా మానిఫోల్డ్ నుంచి రెగ్యులేటర్‌కు వచ్చే సన్న గొట్టం పీకి, దాని మూతి మూసెయ్యాలి. లాక్ నట్టు వదులు చేసి, గేజ్ 3 బార్ చూపేదాకా అలెన్ కీతో తిప్పాలి. నట్టు బిగించి గొట్టం తగిలించగానే ముల్లు 2.4 దగ్గరికి దిగుతుంది. ఇక్కడే చాలామందికి గుండె జారుతుంది. "ప్రెషర్ పడిపోయింది" అని స్క్రూ తిప్పి మళ్ళీ 3కు తెస్తారు. నిజానికి ఏదీ పడిపోలేదు. మానిఫోల్డ్‌లో 0.6 బార్ వాక్యూమ్ ఉంది, ఇంజెక్టర్‌కు అటూ ఇటూ తేడా అప్పుడూ 3 బారే. పెట్రోలును నెట్టేది ఆ తేడాయే. కంగారులో తిప్పిన స్క్రూ వల్ల అది 3.6 అయి కూర్చుంటుంది, ఈసీయూ లెక్కలు దాదాపు 10 శాతం తప్పుతాయి. అర్థం తెలియకుండా గేజ్‌ను నమ్మేవాడిని నేను హేతువాది అనను, దేవుణ్ణి మార్చుకున్న భక్తుడంటాను.

బూస్ట్‌లో అసలు పరీక్ష. టర్బో 1 బార్ గాలి నెడితే గేజ్ 4 చూపాలి. 3.5 దగ్గరే ఆగిందంటే ఇంజెక్టర్‌కు మిగిలింది 2.5, పెట్రోలు సుమారు 9 శాతం తగ్గినట్టు. అదీ ఇంజిన్‌కు అత్యవసరమైన క్షణంలో. నాకింగ్ మొదలు కావచ్చు, పిస్టన్ కరిగిపోవచ్చు. పంపు బలహీనపడిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపుకు వోల్టేజ్ అందడం లేదో చూడాలి. వీటిలో దేనికీ స్క్రూ మందు కాదు. ఇవన్నీ లోడ్ మీద బయటపడేవి. షెడ్డులో బానెట్ ఎత్తి, రేజ్ చేసి, చెవితో విని చెప్పేది సోది.

(ఇప్పటి డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో రైల్ ప్రెషర్ వంద బార్లు దాటుతుంది, దాన్ని నడిపేది ఈసీయూ. అక్కడ ఈ స్క్రూ మహిమ చెల్లదు.)

ఇంత తేలిగ్గా కొలవగలిగిన విషయంలో నమ్మకం ఎందుకు చావదంటే, దానికి ఓటమి లేకుండా చేసుకున్నారు. బండి బాగా లాగితే మేస్త్రీ హస్తవాసి. పిస్టన్ పోతే బంకులో కల్తీ, లేకపోతే ఎవరి దిష్టో. నిమ్మకాయ కనీసం పది రూపాయలతో పోతుంది, ఇంజిన్ జోలికి రాదు.

అందుకని, ఈసారి సెట్టింగ్ చేయించినప్పుడు డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి. ఫుల్ బూస్ట్‌లో ఫ్యూయల్ రైల్ ప్రెషర్, మానిఫోల్డ్ ప్రెషర్ పక్కపక్కనే ఉన్న లాగ్ చూపించమనండి. మొదటి నుంచి చివరిదాకా రెండింటి తేడా 3 బార్ దగ్గర నిలబడితే డబ్బు కట్టండి. లాగ్ లేదంటే సెట్టింగ్ జరగలేదని లెక్క.