తెగేదాకా ఆగితే శ్రుతి దక్కదు

పుదుచ్చేరి వంటి సముద్రతీర పట్టణంలో గిటార్ తీగలను తెగేదాకా వాడటం పొదుపు కాదు. ఉప్పుగాలి, తేమ, వేళ్ల చెమట కలిసి ఉక్కు తీగలకు తుప్పు పట్టిస్తాయి. చుట్లున్న లావు తీగల సందుల్లో మురికి చేరితే ఎక్కువ పౌనఃపున్యం గల కంపనాలు త్వరగా అణగిపోయి, నాదం మొద్దుబారుతుంది. తీగ మందం అంతటా సమానంగా లేకపోతే, శ్రుతి చేసినా పై మెట్లపై స్వరం తప్పుతుంది.

కొత్త తీగ శ్రుతి జారితే నాసిరకమని అనుకోకూడదు. బిరడాపై చుట్లు సర్దుకునేవరకు బిగువు తగ్గుతూ ఉంటుంది. బిగువు 1 శాతం తగ్గితే పౌనఃపున్యం సుమారు 0.5 శాతం పడిపోతుంది. తోటి తీగలతో కలిపి మీటితే ఆ తేడా చెవికి తెలుస్తుంది. తీగను మెల్లగా లాగి, మళ్లీ శ్రుతి చేస్తూపోతే కుదురుకుంటుంది.

వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే తీగ ఎక్కువకాలం మన్నుతుంది. నేర్చుకునేవారు తమ చెవినో, గిటార్‌నో తప్పుపట్టే ముందు తీగను చూడాలి.